ఏది ముందు, ఏది వెనక: పర్లాకిమిడి అమ్మాయి ప్రశ్నకు జవాబు

పర్లాకిమిడిలో బీఎస్సీ రెండో ఏడు చదువుతున్న ఒక అమ్మాయి ఇలా అడిగింది: "మాస్టారూ, పరుగెత్తే రైలు రెండు చివర్లా రెండు పిడుగులు పడ్డాయి. కట్ట మీద నిలబడ్డ మనిషి లెక్కలో రెండూ ఒకేసారి పడ్డాయి. రైల్లో ఉన్న మనిషి లెక్కలో ముందువైపుది ముందు పడింది. ఇద్దరిలో ఎవరిది నిజం? మా క్లాసులో సగం మంది అది కంటికి కనిపించే తేడా మాత్రమే అంటున్నారు. స్పేస్‌టైమ్ డయాగ్రమ్ గీయమంటే గీస్తాను, మార్కులు కూడా వస్తాయి. కానీ ఆ వాలు అక్షాలు ఏం చెబుతున్నాయో నాకు తెలియదు. ముందు వెనకలు తారుమారయ్యేటట్టుంటే, మా అమ్మకంటే నేను ముందు పుట్టానని చెప్పే రైలు కూడా ఉంటుందా?"

అమ్మా, అసలు సంగతి నీ చివరి మాటలోనే ఉంది, కాబట్టి దానికే ముందు జవాబు చెబుతాను. అలాంటి రైలు లేదు, ఎంత వేగంగా పోనిచ్చినా ఉండదు. అలాగని నీ క్లాసువాళ్ల మాటా సరి కాదు. ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం కొన్ని జంట ఘటనలకు ముందు వెనకలు నిజంగానే మారిపోతాయి, అది కంటి భ్రమ కాదు. కొన్ని జంటలకు మాత్రం ఎవరి లెక్కలోనూ మారవు. ఏ జంట ఏ రకానిదో తేల్చి చెప్పడానికే ఆ పటం ఉంది. దాన్ని పరీక్ష కోసం గీసే బొమ్మగా చూసినంతకాలం అది నీతో మాట్లాడదు.

నేను బరంపురంలో ముప్పై ఏళ్లకు పైగా ఫిజిక్స్ చెప్పాను. అయినా స్థలకాల పటాన్ని నేను మొదట చూసింది కాలేజీలో కాదు, ఇంట్లో. మా నాన్నగారు రైల్వే కంట్రోల్ ఆఫీసులో సెక్షన్ కంట్రోలరు. కంప్యూటర్లు రాకముందు ఆ పనంతా పెన్సిలు, స్కేలు, రబ్బరుతోనే జరిగేది. బల్ల మీద పెద్ద గళ్ల కాగితం పరిచి ఉంటుంది. అడ్డంగా గంటలు, నిమిషాలు. నిలువుగా స్టేషన్లు, వాటి మధ్య దూరం ఎంతో ఆ కొలతలోనే: ఇచ్ఛాపురం, సుర్లా రోడ్, గొలంతరా, బరంపురం. ఫలానా బండి ఇన్ని గంటలకు దాటిందని స్టేషన్ మాస్టరు ఫోనులో చెప్పగానే అక్కడ చుక్క పెట్టి, చుక్కలు కలుపుకుంటూ పోవాలి. మెయిలు గీత నిటారుగా లేస్తుంది. గూడ్సు గీత వాలుగా సాగుతుంది. బండి ఆగితే గీత పడుకుంటుంది. ఎదురు బండి గీత పైనుంచి కిందికి దిగుతుంది.

పని అయిపోయిన చార్టులు నాన్నగారు ఇంటికి తెచ్చి మా పుస్తకాలకు అట్టలు వేసేవారు. నా ఆరో తరగతి సోషల్ పుస్తకం అట్ట మీద రెండు గీతలు కత్తెరలా కోసుకున్న చోటు ఒకటి ఉండేది. అక్కడేముందని అడిగితే, "అక్కడ రెండు బళ్లూ ఒకదాన్నొకటి దాటాయిరా. చోటు ఒక్కటే చెబితే చాలదు, టైము ఒక్కటే చెబితే చాలదు, రెండూ కలిస్తేనే ఆ సంగతి" అన్నారు.

ఫిజిక్సులో ఆ సంగతినే ఘటన అంటాం. ఒక చోటూ ఒక క్షణమూ కలిసిన చుక్క. బండి గీసుకుంటూ పోయిన గీత దాని ప్రపంచ రేఖ. కంట్రోల్ చార్టులో అడ్డాన్ని నిలువు చేసి, నిలువును అడ్డం చేస్తే నీ డయాగ్రమ్ వస్తుంది. అప్పుడు ఆగిన బండి గీత నిటారుగా నిలబడుతుంది, పరుగెత్తే బండి గీత పక్కకు వాలుతుంది. ఇలాంటి పటాన్ని సాపేక్షతా సిద్ధాంతానికి తెచ్చినవాడు హెర్మన్ మింకోవ్‌స్కీ. జ్యూరిక్‌లో ఐన్‌స్టీన్‌కు లెక్కలు చెప్పిన మాస్టారే ఆయన. 1908 సెప్టెంబరు 21న కొలోన్ నగరంలో స్థలం, కాలం వేరువేరు కావని ఉపన్యాసం ఇచ్చారు. ఆ తర్వాత నాలుగు నెలలు తిరగకుండానే, 1909 జనవరిలో, 44 ఏళ్లకే పోయారు. తన శిష్యుడి సిద్ధాంతానికి ఆయన ఇచ్చిన ఆ బొమ్మే ఇప్పుడు నీ నోటు పుస్తకంలో ఉంది.

నాన్నగారి చార్టుకూ మింకోవ్‌స్కీ పటానికీ తేడా ఒక్కచోటే. చార్టు మీద పది గంటల గీత ఒకటే. అది ఇచ్ఛాపురాన్నీ కోస్తుంది, బరంపురాన్నీ కోస్తుంది. రెండు స్టేషన్ల గడియారాలూ ఒకే టైము చూపిస్తాయని ముందే ఒప్పుకున్నాం. ఆ ఒప్పందం కూడా దానంతట అది రాలేదు. మన దేశానికి ప్రామాణిక టైము 1906 జనవరి 1న వచ్చింది. అంతకుముందు రైళ్లకు మద్రాసు టైము ఉండేది, ఊళ్లకు ఎవరి సూర్యుడు వాళ్లకు ఉండేవాడు. ఇప్పుడు మన టైముకు ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కోరాపుట్ జిల్లా మీదుగా పోతుంది. దానికి తూర్పున ఉన్న బరంపురంలో సూర్యుడు గడియారం కంటే సగటున తొమ్మిది నిమిషాలు ముందే నడినెత్తికి వస్తాడు. దూరంగా ఉన్న రెండు గడియారాలు కలిశాయని చెప్పాలంటే వాటి మధ్య ఏదో ఒక సంకేతం నడవాలి. ఆ సంకేతం కాంతే అయితే, దాని వేగం అందరికీ ఒకటే అయితే, కదిలేవాడి గడియారాలు ఎలా కలుస్తాయి? 1905 పేపరులో ఉపోద్ఘాతం కాగానే ఐన్‌స్టీన్ ఎత్తుకున్నది ఈ ప్రశ్ననే.

ఇప్పుడు గ్రాఫు కాగితం తీసుకో. చదవడంతో సరిపెట్టకు, గీస్తూ చదువు. ఇచ్ఛాపురం నుంచి బరంపురానికి సుమారు 25 కిలోమీటర్లు. లెక్క తేలికగా తేలడానికి 24 అనుకుందాం. కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి ఈ దూరం దాటడానికి 80 మైక్రోసెకన్లు పడుతుంది. అడ్డంగా ఒక సెంటీమీటరుకు 3 కిలోమీటర్లు, నిలువుగా ఒక సెంటీమీటరుకు 10 మైక్రోసెకన్లు పెట్టు. ఇచ్ఛాపురం మూల దగ్గర, బరంపురం 8 సెంటీమీటర్ల కుడికి. ఈ కొలతలో కాంతి గీత ఎప్పుడూ 45 డిగ్రీల వాలుతోనే పోతుంది. కొలతలు ఇలా కుదుర్చుకోవడంలోనే సగం పని అయిపోతుంది. చాలామంది పిల్లలు సెకన్లు, మీటర్లు పెట్టి గీస్తారు. అప్పుడు కాంతి గీత అడ్డం అక్షానికి అతుక్కుపోయి ఏమీ కనిపించదు.

రైలు ఇచ్ఛాపురం నుంచి బరంపురం వైపు, కాంతి వేగంలో 0.6 వంతు వేగంతో పోతోందనుకుందాం. అలాంటి రైలు లేదని మనిద్దరికీ తెలుసు. కానీ లెక్కకు అడ్డం లేదు. కదిలే గడియారం ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో, కదిలే వస్తువు పొడవు ఎన్ని రెట్లు తగ్గుతుందో చెప్పే అంకెను గామా అంటాం. ఈ వేగానికి గామా 1.25. కట్ట మీద కొలిస్తే రైలు పొడవు సరిగ్గా 24 కిలోమీటర్లు. ఒక క్షణంలో ఇంజను బరంపురంలో ఉంది, గార్డు పెట్టె ఇచ్ఛాపురంలో ఉంది. సరిగ్గా ఆ క్షణంలో రెండు చోట్లా పిడుగులు పడ్డాయి. ఇంజను మీద మసి అంటింది, పక్కనే బరంపురం ప్లాట్‌ఫారం మీద కూడా అంటింది. గార్డు పెట్టె దగ్గరా అంతే. ఒకామె రెండు ఊళ్లకూ నడిమధ్య కట్ట మీద నిలబడి ఉంది. ఒకతను రైలుకు నడిమధ్య పెట్టెలో కూర్చున్నాడు. పిడుగులు పడ్డ క్షణంలో అతను సరిగ్గా ఆమె ఎదురుగా ఉన్నాడు, అతని గడియారం సున్నా చూపిస్తోంది.

కట్ట మీది ఆమెకు రెండు మెరుపులూ 40 మైక్రోసెకన్ల తర్వాత కలిసి చేరాయి. రెండు స్టేషన్లూ తనకు సమాన దూరం. కాబట్టి రెండు పిడుగులూ ఒకేసారి పడ్డాయని చెబుతుంది. ఇందులో తిరకాసు లేదు.

రైల్లో అతని సంగతి ఆమె లెక్కలోనే చూద్దాం. బరంపురం మెరుపుకు అతను ఎదురు పోతున్నాడు, అది 25 మైక్రోసెకన్లకు అతన్ని కలుస్తుంది. ఇచ్ఛాపురం మెరుపు వెనకనుంచి తరుముకుంటూ రావాలి, అది 100 మైక్రోసెకన్లకు గానీ అందుకోలేదు. ఇవి కట్ట మీది గడియారం అంకెలు. అతని గడియారం నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి 1.25తో భాగించు. అతని చేతి గడియారం మొదటి మెరుపుకు 20, రెండో మెరుపుకు 80 చూపిస్తుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగు. మొదటి మెరుపు అతన్ని తాకినప్పుడు గడియారం ముల్లు 20 మీద ఉంది, రెండోది తాకినప్పుడు 80 మీద ఉంది. ఇది ప్రపంచంలో ఎవరూ కాదనలేని సంగతి. మెరుపు గీత, అతని గీత పటంలో కోసుకున్న చుక్కలు అవి. కట్ట మీది ఆమె కూడా అవే అంకెలు చెబుతుంది. ఒకే చోట, ఒకే క్షణంలో కలిసిన వాటి మీద ఏ ఇద్దరికీ పేచీ రాదు. నాన్నగారు చూపించిన ఆ కత్తెర గుర్తు దగ్గర ఎప్పుడూ తగవు లేదు. తగవు వచ్చేదల్లా దూరంగా ఉన్న పిడుగులు "ఎప్పుడు" పడ్డాయన్న లెక్కలో.

ఇప్పుడు అతని లెక్క. రైల్లో కొలిస్తే రైలు పొడవు 24 కాదు, 30 కిలోమీటర్లు. ఇంజను మీది మసి అతనికి 15 కిలోమీటర్ల ముందు ఉంది, గార్డు పెట్టె మీది మసి 15 కిలోమీటర్ల వెనక ఉంది. కాంతి వేగం అతనికీ 3 లక్షలే, కాబట్టి ఒక్కో మెరుపుకు 50 మైక్రోసెకన్ల ప్రయాణం. ఆ ప్రయాణ కాలాన్ని తీసేస్తే ఇంజను మీద పిడుగు మైనస్ 30 దగ్గర పడింది, గార్డు పెట్టె మీద ప్లస్ 30 దగ్గర పడింది. తేడా 60 మైక్రోసెకన్లు. అతను ప్రయాణ కాలాన్ని మరిచిపోలేదు, కంటికి కనిపించిన టైమునే నమ్మేయలేదు. అంతా సరిచూసుకున్న తర్వాత కూడా ముందువైపుదే ముందు.

నీ క్లాసువాళ్ల పొరపాటు ఇక్కడే ఉంది. చూడటంలో వచ్చే ఆలస్యం వేరు. చైత్ర వైశాఖాల్లో గాలివాన వచ్చినప్పుడు మెరుపు ముందు కనిపించి ఉరుము వెనక వినిపిస్తుంది. కిలోమీటరుకు సుమారు మూడు సెకన్లు తీసేస్తే రెండూ ఒకే క్షణానివని తేలుతుంది. అది వినికిడి తేడా, లెక్క కడితే పోతుంది. సాపేక్షతలో మిగిలేది ఆ ఆలస్యాన్ని పూర్తిగా తీసేశాక కూడా పోని తేడా. ముప్పై ఏళ్లలో నేను దిద్దిన జవాబు పత్రాల్లో ఎక్కువగా కనిపించిన తప్పు కూడా ఇదే. మరి ఎవరిది నిజమంటావా, ఇద్దరిదీ నిజమే. దూరంగా ఉన్న రెండు చోట్లకు కలిపి "ఒకేసారి" అనే మాట వాడితే, ఎవరి లెక్కలో అని కూడా చెప్పాలి. ఇచ్ఛాపురం బరంపురానికి "ఎడమన" ఉందా "కుడిన" ఉందా అంటే, నువ్వు ఎటు తిరిగి నిలబడ్డావని అడుగుతాం కదా, అలాగే.

ఇక వాలు అక్షాలు. రైలు వెనక చివర, అంటే గార్డు పెట్టె, మూల దగ్గర మొదలై, 10 సెంటీమీటర్లు పైకి పోతే 6 సెంటీమీటర్లు కుడికి వాలుతూ పోతుంది. రైలువాళ్లకు అదే "కదలని చోటు", అదే వాళ్ల కాల అక్షం. రెండో వాలు గీత, స్థల అక్షం, పిల్లలకు కొరుకుడు పడదు. దాన్ని స్థల అక్షం అనడం మానేసి "రైలువాళ్ల ఇప్పుడు" అని పిలువు. ఇచ్ఛాపురంలో సున్నా దగ్గర జరిగిన ఘటనతో పాటు, రైలు లెక్కలో ఒకేసారి జరిగినవన్నీ ఆ గీత మీద ఉంటాయి. మూల దగ్గర బయల్దేరి 8 సెంటీమీటర్లు కుడికి పోతే ఆ గీత 4.8 సెంటీమీటర్ల పైకి లేస్తుంది. అంటే బరంపురం గడియారం 48 చూపించే క్షణమే రైలువాళ్ల లెక్కలో ఇచ్ఛాపురం సున్నాకు జోడీ. కట్ట మీదివాళ్ల "ఇప్పుడు" అడ్డంగా పడుకుని ఉంటుంది, రైలువాళ్లది ముందువైపు లేచి ఉంటుంది. ఇది పట్టుకుంటే మిగతాదంతా పటం మీద వేలు పెట్టి చదివేయవచ్చు.

ఇచ్ఛాపురంలో సున్నా దగ్గర ఒక దీపం వెలిగిందనుకో. బరంపురంలో 30 మైక్రోసెకన్ల తర్వాత ఇంకో దీపం వెలిగింది. కట్ట మీద ఇచ్ఛాపురానిదే ముందు. కానీ 30 చుక్క రైలువాళ్ల 48 గీతకు కింద ఉంది. కింద ఉందంటే అప్పటికే జరిగిపోయిందని. కాబట్టి రైల్లో బరంపురం దీపమే ముందు వెలిగింది. లెక్కలో చూసుకో: 30లోంచి 48 తీసి 1.25తో గుణిస్తే మైనస్ 22.5. ముందు వెనకలు నిజంగా తారుమారయ్యాయి.

అదే బరంపురం దీపం 100 మైక్రోసెకన్ల దగ్గర వెలిగితే? చుక్క 48 గీతకు చాలా పైన ఉంది. 100లోంచి 48 తీసి 1.25తో గుణిస్తే 65. తేడా తగ్గింది గానీ వరస మారలేదు. రైలు వేగం పెంచుదాం. 0.9 వంతు వేగానికి "ఇప్పుడు" గీత బరంపురంలో 72 దాకా లేస్తుంది. 0.99కి 79.2. కాంతి వేగాన్ని అందుకోలేం కాబట్టి ఆ గీత 45 డిగ్రీలను అందుకోలేదు, బరంపురంలో 80ని తాకలేదు. 100 దగ్గరున్న చుక్కను ఏ రైలూ కిందికి దించలేదు.

80 అంటే ఏమిటి? ఇచ్ఛాపురం నుంచి కాంతి బరంపురం చేరడానికి పట్టే కాలం. 100 దగ్గరి దీపానికి ఇచ్ఛాపురం కబురు అప్పటికే అంది ఉండవచ్చు, అది చూసే ఎవరో స్విచ్చు నొక్కి ఉండవచ్చు. 30 దగ్గరి దీపానికి ఇచ్ఛాపురం కబురు అందే వీలే లేదు. ఒకదాని వల్ల ఇంకొకటి జరిగే అవకాశం ఉన్న జంటలకు వరస ఎప్పటికీ మారదు. అవకాశం లేని జంటలకే మారుతుంది, మారినా ఎవరికీ నష్టం లేదు. ఇంత చక్కగా ఎందుకు అమరిందా అని నేను చదువుకునే రోజుల్లో పటం ముందు చాలాసేపు కూర్చున్నాను. అందరికీ కాంతి వేగం ఒకటే అనే ఒక్క నియమం నుంచే ఇదంతా వస్తుంది. వాలు అక్షాలు రెండూ కాంతి గీతకు రెండు పక్కలా సమానంగా దగ్గరపడతాయి గానీ దాన్ని దాటవు.

ఎదురు దిక్కున, బరంపురం నుంచి ఇచ్ఛాపురం వైపు పోయే రైళ్లకు "ఇప్పుడు" గీత బరంపురంలో కిందికి, మైనస్ 80 దగ్గరదాకా పోతుంది. అంటే ఇచ్ఛాపురంలోని ఒక క్షణానికి బరంపురంలో ముందూ కాదు, వెనకా కాదు అనే పట్టీ 160 మైక్రోసెకన్ల వెడల్పున ఉంది. ఈ వెడల్పు దూరంతో పెరుగుతుంది. సూర్యుడి దగ్గర అది సుమారు పదహారున్నర నిమిషాలు. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ దగ్గర 50 లక్షల ఏళ్లు. అంత దూరానికి రైలు కూడా అక్కర్లేదు. నువ్వు గంటకు 5 కిలోమీటర్ల నడకతో ఆండ్రోమెడా వైపు నడిస్తే, నీ "ఇప్పుడు" గీత అక్కడ నాలుగు రోజులకు పైగా ముందుకు జరుగుతుంది. అయినా నడిచినందువల్ల అక్కడినుంచి నీకు కొత్త కబురేమీ అందదు. ఆ గీతలను మనం లెక్కకోసం గీసుకున్నాం, వాటి మీదుగా ఏదీ ప్రయాణం చేయదు.

మన మామూలు రైళ్లలో ఇది ఎందుకు తెలియదో కూడా చూడు. తక్కువ వేగాలకు సూత్రం తేలిక: వేగాన్ని దూరంతో గుణించి, కాంతి వేగం వర్గంతో భాగించాలి. గంటకు 108 కిలోమీటర్లు, అంటే సెకనుకు 30 మీటర్లు. దూరం 24 కిలోమీటర్లు. జవాబు సెకనులో లక్ష కోట్లవ వంతులు ఎనిమిది. ఆ కాలంలో కాంతి రెండున్నర మిల్లీమీటర్లు కూడా పోదు. నాన్నగారి చార్టు మీద పెన్సిలు గీత మందమే కొన్ని సెకన్లకు సమానం, అందుకే ఆయన చార్టుకు పది గంటల గీత ఒక్కటి చాలింది.

అలాగని ఇది కాగితం మీది లెక్కే అనుకోవద్దు. భూమధ్యరేఖ దగ్గర నేల సెకనుకు సుమారు 465 మీటర్ల వేగంతో తిరుగుతోంది. ఆ రేఖ చుట్టుకొలత సుమారు 40,075 కిలోమీటర్లు. ఆ చుట్టూ గడియారాలు పెట్టి, నేల కదలడం లేదనుకుని, పక్క గడియారంతో పక్క గడియారాన్ని కాంతి సంకేతాలతో కలుపుకుంటూ చుట్టు తిరిగి రా. చివరి గడియారం మొదటి గడియారంతో కలవదు. తేడా 207 నానోసెకన్లు. ఇందాకటి సూత్రంలోనే ఈ వేగం, ఈ దూరం వేసి చూడు, అదే అంకె వస్తుంది. కాంతి ఆ కాలంలో 62 మీటర్లు పోతుంది. జీపీఎస్ లెక్కల్లో ఈ సవరణ చేయకపోతే నీ ఫోనులో ఊరి మ్యాపు వీధులు దాటి తప్పుతుంది. "ఒకేసారి" అన్న మాట కదలికను బట్టి మారుతుందనడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం నాకు తెలియదు.

ఇక అమ్మ సంగతి. అమ్మ పుట్టుకకూ నీ పుట్టుకకూ మధ్య 25 ఏళ్లు అనుకుందాం. అమ్మ టెక్కలిలో పుట్టినా, నువ్వు పర్లాకిమిడిలో పుట్టినా మధ్య దూరం పదుల కిలోమీటర్లే. వరస తారుమారు కావాలంటే ఆ రెండు చోట్ల మధ్య కనీసం 25 కాంతి సంవత్సరాలకు మించిన దూరం ఉండాలి. మన అభిజిత్ నక్షత్రం దాదాపు అంత దూరంలో ఉంది. కానీ అమ్మ కడుపులో పెరిగి పుట్టినదానివి నువ్వు. అమ్మ పుట్టిన చుక్క నుంచి నువ్వు పుట్టిన చుక్క దాకా అమ్మ ప్రపంచ రేఖ తెగకుండా సాగింది, అదెక్కడా కాంతి గీత కంటే ఎక్కువ వాలలేదు. అలాంటి గీతతో కలిసిన రెండు చుక్కలకు ఏ రైల్లోనైనా, ఏ నక్షత్రం మీదనైనా వరస ఒకటే. విత్తు ముందు, చెట్టు తర్వాత.

నీకు తర్వాత రాబోయే సందేహం ఒకటి ఇప్పుడే తీరుస్తాను. కాంతి కంటే వేగంగా కదిలేది ఏదీ లేదా అంటే, కదిలినట్టు ఉండేవి ఉన్నాయి. చేతిలో శక్తిమంతమైన లేజరు పట్టుకుని చంద్రుడి ఈ అంచు నుంచి ఆ అంచుకు తిప్పు. ఆకాశంలో అది అర డిగ్రీ మేర. చంద్రుడి అడ్డుకొలత 3,474 కిలోమీటర్లు. సెకనులో వందో వంతులో తిప్పితే వెలుగు చుక్క సెకనుకు 3,47,400 కిలోమీటర్ల వేగంతో చంద్రుడి మీద పరుగెత్తుతుంది. చాలా వేగంగా కదిలే కొందరి లెక్కల్లో ఆ చుక్క ఎదురు దిక్కున పరుగెత్తుతుంది కూడా. తప్పేమీ లేదు. ఈ అంచు వెలుగు ఆ అంచు వెలుగుకు కారణం కాదు. రెండింటికీ కారణం నీ చేతిలో ఉంది, ఆ చేయి ఎవరి లెక్కలోనైనా రెండింటికంటే ముందే కదిలింది. నిజంగా కబురు మోసుకుపోయేది కాంతిని మించితే మాత్రం గొడవే. ఇచ్ఛాపురంలో సున్నాకు పంపిన కబురు బరంపురానికి 30 మైక్రోసెకన్లకే అందితే, మన రైలు లెక్కలో అది పంపకముందే అందినట్టు. రైల్లో అలాంటిదే ఇంకా వేగమైన సాధనం ఉంటే, వాళ్లు తిప్పి పంపిన జవాబు ప్రశ్నకంటే ముందే ఇచ్ఛాపురం చేరేలా చేయవచ్చు.

గీసేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఒక చుక్కకు రైలువాళ్ల టైము చదవాలంటే ఆ చుక్క నుంచి రైలువాళ్ల "ఇప్పుడు" గీతకు సమాంతరంగా గీత గీసి, వాళ్ల కాల అక్షాన్ని ఎక్కడ తాకిందో చూడాలి. అలవాటు కొద్దీ లంబం దించేస్తే జవాబు తప్పుతుంది. రెండోది, వాలు అక్షాల మీద సెంటీమీటరు స్కేలు పనికిరాదు. 0.6 వేగానికి రైలువాళ్ల 10 మైక్రోసెకన్లు మన కాగితం మీద సుమారు 1.46 సెంటీమీటర్ల పొడవు ఉంటాయి. కాగితం యూక్లిడ్‌ది, పటం మింకోవ్‌స్కీది. పైథాగరస్‌లో కూడే చోట ఇక్కడ తీసేయాలి. 100 దగ్గరి దీపానికే చూడు. దూరాన్ని కూడా కాంతికి పట్టే మైక్రోసెకన్లలోనే కొలుద్దాం: 100 వర్గంలోంచి 80 వర్గం తీస్తే 3600. రైలువాళ్లకు టైము 65. దూరం 80లోంచి, 100 మైక్రోసెకన్లలో రైలు పోయిన 60 తీసి 1.25తో గుణిస్తే 25. 65 వర్గంలోంచి 25 వర్గం తీసినా 3600. కాలం మారింది, దూరం మారింది, ఈ 3600 మారలేదు. దాని వర్గమూలం 60 మైక్రోసెకన్లు. ఆ రెండు దీపాల మధ్య కాలం ఏ రైలువాళ్లకైనా 60 కంటే తగ్గదు. అది సున్నాకు కూడా చేరనప్పుడు తిరగబడటం ఎక్కడిది?

ఇప్పుడు 30 దగ్గరి దీపానికీ ఇదే లెక్క నువ్వే చెయ్యి. 30 వర్గంలోంచి 80 వర్గం తీస్తే మైనస్ గుర్తు వస్తుంది, భయపడకు, అది రావాల్సిందే. తర్వాత బరంపురం దీపాన్ని సరిగ్గా 80 దగ్గర పెట్టి, రైలువాళ్ల టైము ఎంత, దూరం ఎంత వచ్చాయో చూడు. రెండు అంకెలూ ఒకటే వస్తే నీ లెక్క సరిపోయినట్టు. ఎందుకు ఒకటే వచ్చాయో నీ మాటల్లో రెండు వాక్యాలు రాసి, పటంతో సహా ఫోటో తీసి ఇక్కడే పెట్టు, దిద్ది చెబుతాను.